డిపోకి వెళ్తానన్న బాలింత

సిటీ బస్సు నడిపే ఆమెను డిపోలో అందరూ బ్రేకమ్మ అనేవారు. ఎంత రద్దీలోనైనా కుదుపు లేకుండా బండి ఆపుతుందని ఆ పేరు. అలాంటి మనిషి చేతులు ఇప్పుడు పాప చొక్కాకి గుండీ పెట్టలేనంతగా వణుకుతున్నాయి.

పాప పుట్టి మూడు వారాలు. నిద్ర చాలక అలా ఉందనుకుంది అత్తగారు. కానీ ఆ ఉదయం కోడలు బీరువాలో బట్టలన్నీ కింద పోసి, మళ్ళీ సర్దుతూ, ఆపకుండా మాట్లాడుతోంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెమటకు బట్టలు తడిసి ముద్దయ్యాయి.

"అత్తయ్యా, బండి తాళాలేవీ? ట్రిప్పు టైమైపోయింది!"

"సెలవులో ఉన్నావే తల్లీ," అంటూ అత్తగారు మణికట్టు పట్టుకుంది. నాడి పరుగులు తీస్తోంది. ఆమె ఇక ఆలోచించలేదు. "పాపను నువ్వెత్తుకో, దీన్ని నేను పట్టుకుంటా," అని కొడుకుని తొందరపెట్టి, ఆటోలో ఆసుపత్రికి బయల్దేరదీసింది.

అక్కడ డాక్టరమ్మ ముందుగా చూసింది మెడ మీది వాపునే.

"థైరాయిడ్ మందులేమైనా వాడేదా?"

"కడుపుతో ఉన్నన్నాళ్ళూ వాడింది," అంది అత్తగారు.

"కాన్పయ్యాక మానేశా," అంది కోడలు రొప్పుతూ. "మందు పాలల్లోకి దిగుతుందని..."

"మందు ఆపేసరికి థైరాయిడ్ ఒక్కసారిగా రెచ్చిపోయింది, దీన్ని థైరాయిడ్ తుఫాను అంటాం. ప్రమాదమే, కానీ మందులున్నాయి. వేళకి తెచ్చారు. రిపోర్టుల కోసం ఆగం, ఇప్పుడే మొదలుపెడతాం." డాక్టరమ్మ గొంతులో తడబాటు లేదు. సెలైన్, గుండె వేగం తగ్గించే మందు, థైరాయిడ్‌ని అణిచే మాత్రలు ఒకదాని వెంట ఒకటి మొదలయ్యాయి.

బయట కొడుకు గొణిగాడు. "అమ్మా, బతుకుతుందంటావా?"

"శుభం పలకరా! బిడ్డకి ఆకలేస్తోంది, వెళ్ళి పాలడబ్బా పట్రా."

రెండు రోజులకి జ్వరం దిగింది. ఆ మర్నాడు కోడలు పాపను కళ్ళారా చూసి, "చిక్కిపోయిందా అత్తయ్యా?" అంది.

"అది కాదు, నువ్వు."

డాక్టరమ్మ నవ్వింది. "మోతాదు తగ్గించాక పాలివ్వొచ్చు, ఎప్పుడన్నది నేను చెప్తా. మాత్ర మాత్రం నన్నడక్కుండా మానకు."

ఇంటికి పంపే రోజు అత్తగారు మందుల సంచీ తన చేతిలోకి తీసుకుంది.

"ఇకమీదట ఏది మానాలన్నా ముందు నాతో చెప్పు."

"చెప్తే మాననిస్తారా?"

"చచ్చినా మాననివ్వను."

పక్కనే ఉన్న కొడుకుతో సహా ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. కోడలు పాపను భుజాన వేసుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లు దిగింది.