మా తమ్ముడి ఫిరంగి లెన్సు

"గా బరువు మెడల ఏసుకోని చెరువుల దిగితె తలకిందులైతవ్‌రా! రేపు నా బిడ్డకు గూడ గదే కొనిపిస్తవా?"

బాప్తిస్మం కోసం శామీర్‌పేట చెరువుకు బయలుదేరకముందే, ఆటో ఎక్కకముందే మా తమ్ముడు గిడియోన్‌తో అన్నాను. వాడు నవ్వాడు.

"అక్కా, నువ్వు గడపలనే మునిగేటట్టున్నవ్."

వాడు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. వాడి కెమెరాకు మోచేతంత పొడుగు తెల్ల లెన్సు ఉంటుంది. నేను దాన్ని ఫిరంగి అంటాను. వాడికి అది లెన్సు కాదు, మీసం.

మా అమ్మాయి ప్రిస్కిల్లా గుండ్లపోచంపల్లిలో గోదాము ఉద్యోగానికి వెళుతూ రోజూ సంచిలో కెమెరా వేసుకుంటుంది. బస్సులో, దారిలో కనబడిందల్లా తీస్తుంది. పాత లెన్సు తిరగకుండా బిగుసుకుపోయింది. రేపు కోఠి వెళ్ళి ఒకటి కొనాలి. అది కోరుకున్నది అరచేతిలో ఇమిడే చిన్న జూమ్. ఎదుటి మనిషినీ తీయొచ్చు, కొంచెం దూరంలో ఉన్నదాన్నీ దగ్గరికి లాక్కోవచ్చు. వచ్చే నెల అరకు పోయినా అదే చాలు. మా తమ్ముడేమో పెద్దదే కొనిపిస్తానని పట్టుబట్టాడు. మామ మాటకు అడ్డు చెప్పే పిల్ల కాదు అది. ఫిరంగి కొంటే కెమెరా ఇక బీరువా దాటదని నా దిగులు. దాటితే మెడ వంగిపోతుందని, దొంగలు వెంటబడతారని ఇంకో దిగులు.

గోదాములో తోటి పిల్ల లిఖిత తన చిన్న జూమ్ వాడి చూడమని ఇచ్చింది. ఆటోలో దాన్ని చూసి మా తమ్ముడు పెదవి విరిచాడు.

"గిదేంది, సీసా మూతా? ఫంక్షన్ హాల్ చీకట్ల గిది గుడ్డిది బిడ్డా."

"అది ఫంక్షన్ హాళ్ళకు పోతదారా? ఎండల తిరిగే పిల్ల," అన్నాను.

ప్రిస్కిల్లా ఆ చిన్న జూమ్‌నే కెమెరాకు బిగించుకుంది.

ఆ రోజు బాప్తిస్మం మా తమ్ముడి కూతురు రేచల్‌దే. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చుట్టూ ఇంటివాళ్ళు నీళ్ళలో గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకోవాలి. ప్రిస్కిల్లా ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో కెమెరా. నా కాళ్ళ కింద బురద జారుతుంటే ఆ చెయ్యే నన్ను నిలబెట్టింది. మా తమ్ముడికి రెండు చేతులూ ఫిరంగికే చాలలేదు. బయట నిలబడితే మా వీపులు అడ్డం. లోపలికి వస్తే రేచల్ ముక్కు తప్ప ఏమీ పట్టలేదు. "జరగుర్రి, జరగుర్రి," అంటూ వెనక్కి వెనక్కి నడుస్తుండగానే పాస్టరుగారు పిల్లను నీళ్ళలో ముంచి లేపారు.

"పాస్టరుగారూ, మల్లొక్కపారి ముంచుర్రి!" అని అరిచాడు.

పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని చూశారు.

"గిది తాళిగాదు గిడియోన్, ఫోటో కోసం మల్ల కట్టనీకె."

నీళ్ళలో ఉన్న నలుగురూ నవ్వారు. నాకైతే దేవుని పనిలో నవ్వకూడదని భయం వేసింది కానీ ఆపుకోలేకపోయాను.

తిరుగు ఆటోలో ఇద్దరి ఫోటోలూ చూశాము. మా తమ్ముడి దాంట్లో పాస్టరుగారి మోచెయ్యి, రేచల్ చెవి ఉన్నాయి. ప్రిస్కిల్లా తీసినదాంట్లో రేచల్ నిండుగా ఉంది, నీళ్ళు కారుతూ, కళ్ళు అప్పుడే తెరుస్తూ.

"చెవి మంచిగొచ్చిందిరా. పెద్దగ కడిగించి గోడకు పెట్టు," అన్నాను.

"జనం అడ్డమొచ్చిర్రక్కా. లెన్సుదేం తప్పు? రేపు పెద్దదే కొందాం. ఏమంటవ్ బిడ్డా?"

ప్రిస్కిల్లా తను తీసిన ఫోటోనే మళ్ళీ చూసుకుంటోంది. ఎప్పటిలాగే తల ఊపేస్తుందని నా దిగులు. రేచల్ తడి జుట్టు పిండుకుంటూ ఆగిపోయింది. మేడ్చల్ వచ్చింది, సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది, మళ్ళీ కదిలింది. మా తమ్ముడు ఫిరంగి మూత తీసి పెట్టి, తీసి పెట్టి చూస్తున్నాడు.

"మనోళ్ళ చెయ్యి పట్టుకోనీకె నాకొక చెయ్యి ఖాళీ ఉండాలె మామా," అంది ప్రిస్కిల్లా. "నేను చిన్నదే కొంట."