నా మెడలో 207 బిళ్ల

పాత ఎక్స్ఛేంజి బోర్డు తీసేయాలి. గోడలు పగలగొట్టకూడదు. ఉన్న తీగల మీదే ఇంటర్నెట్ ఫోన్లు బిగించాలి. అరవై గదుల నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆపరేటర్‌ను వేరే పనిలో వేయాలి. ఆదివారానికి అంతా అయిపోవాలి.

ఇంజనీరు రిసెప్షన్ గోడకు అంటించిన కాగితం ఇది. ఇందులో నా పేరు లేదు. ‘ఉన్న తీగలు’ అన్నాడే, వాటిలో ఒకదాన్ని.

నేను ఒక రాగి తీగల జతను. కాకినాడలో ఈ హోటల్ కట్టిన ఏడాదే నన్ను గోడలోకి దూర్చి, కింది కొసకు 207 అని బిళ్ల కట్టారు. తర్వాత కొన్నేళ్లకు ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి, గదుల లెక్క ఈశాన్యం నుంచి మొదలవ్వాలన్నాడు. ఒక్క పూటలో తలుపుల మీద అంకెలన్నీ మారిపోయాయి. నా గది 212 అయింది. నా బిళ్ల మాత్రం మారలేదు. వాస్తు గోడ లోపలికి రాదు కాబోలు!

అప్పటి నుంచి ఏ తీగ ఏ గదిదో తెలిసిన మనిషి ఒక్కతే, ఆపరేటర్ నూకరత్నం. ఆమె ఇంజనీరుకు చెప్పింది కూడా.

“బాబూ, ఆ బిళ్లలు నమ్మకండి. వాస్తుకి ముందువండి అవి.”

“ఆంటీ, ఇప్పుడంతా ఆటోమేటిక్. మీరు రెస్ట్ తీసుకోండి.”

అతను ఆ బిళ్లలను బట్టే నంబర్లు ఎక్కించాడు. అన్ని ఫోన్లూ మోగాయని సంతకం పెట్టించుకున్నాడు. ఏది ఏ గదిలో మోగిందో ఎవరూ చూడలేదు. నూకరత్నాన్ని రెండో అంతస్తులో దుప్పట్లు మడతపెట్టే పనిలో వేశారు.

మూడో రోజు మధ్యాహ్నం 212లో దిగిన రిటైర్డ్ పోస్టుమాస్టర్ ఫోనెత్తాడు. “బాబూ... ఊపిరాడట్లేదు...” అని రిసీవర్ వదిలేశాడు. రిసెప్షన్ తెర మీద 207 అని పడింది. మేనేజర్ సత్తిరాజు పరుగెత్తుకొచ్చి ఆ గది తెరిచాడు. మంచం మీద దుప్పటి నలగలేదు.

“ఎవడో ఆకతాయి! ఖాళీ రూమ్ నుంచి ఫోనేంటి?” అని తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు.

నూకరత్నం దుప్పట్లు వదిలేసి వచ్చింది. “ఏ నంబరు పడిందండీ?”

“రెండొందల ఏడు. నీ పని నువ్వు చూసుకో.”

“ఇరవై ఆరేళ్లుగా ఇదేనండి నా పని. పాత ఏడంటే ఇప్పటి పన్నెండు! మాస్టర్ తాళం ఇలా ఇవ్వండి!”

ఇచ్చేదాకా ఆగలేదు, లాక్కుని 212 తెరిచింది. పోస్టుమాస్టర్ మంచం పక్కన పడి ఉన్నాడు. ఆస్పత్రికి వేళకు చేర్చారు. బతికాడు.

ఆ సాయంత్రం ఆమె నిలబడి ఒక్కో గదీ చెబుతుంటే ఇంజనీరు అరవై నంబర్లూ దిద్దుకున్నాడు. దిద్దుకుని రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? ‘పాత వైరింగ్ లోపం.’

లోపమా? నాదా? ఆ ముసలాయన ఆయాసంలో ఒక్క ఊపిరి కూడా జారిపోకుండా కిందికి చేర్చాను. అబద్ధపు అంకె తగిలించింది మీరు. చెప్పిన మనిషిని దుప్పట్ల దగ్గరికి తోలింది మీరు. ఆ సాకుతో వచ్చే నెల నన్ను గోడలోంచి పెరికి తూకానికి అమ్ముతారట. అమ్ముకోండి.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పోస్టుమాస్టర్ కోలుకుని, తలుపు తీసిన వారికి దండం పెట్టుకుంటానని హోటల్‌కు వచ్చాడు. సత్తిరాజును చూపించారు. సత్తిరాజు కాదనలేదు. పై అంతస్తులో ఉన్న ఆమెను ఎవరూ పిలవలేదు.

ఆ పెద్దాయనకు చెప్పడానికి నాకు నోరు లేదు. మీరు చదువుతున్నారు గనుక మీకు చెబుతున్నాను. ఆ తలుపు తీసింది నూకరత్నం. దయచేసి ఆ పేరు గుర్తుపెట్టుకోండి.