కాగితం మీద తమ్ముడు

మూడో కాగితం సగానికి వచ్చేసరికి ఉలిగప్ప గొంతు ఎండిపోయింది. తాను రాసిన ఇంగ్లీషునే తాను పైకి చదువుతున్నాడు. అతను ఒక వాక్యం చదివి ఆగితే, హనుమంతరాయుడు దాన్ని టైపు కొట్టి, "ఊ" అంటున్నాడు. పొద్దున ధర్మవరంలో రైలెక్కినప్పటి నుంచి ఉలిగప్ప కడుపులో ఏమీ పడలేదు. పెనుకొండ స్టేషన్లో సావుకారి శంకరప్ప నాలుగు ఇడ్లీలు తిని, చేయి కడుక్కుంటూ, "నీకేమీ వద్దు గదా?" అని అడిగాడు. అట్లా అడిగితే వద్దనడం తప్ప వేరే జవాబు ఉండదు.

హిందూపురం బజారులో ఒక మిద్దె మీద ఉంది ఆ టైపు స్కూలు. ధర్మవరంలో కూడా టైపు కొట్టేవాళ్ళున్నారు. కానీ ధర్మవరంలో కొట్టిస్తే పొద్దుగూకే లోపల ప్రతి మగ్గం దగ్గరా అదే మాటవుతుందని శంకరప్ప భయం. వచ్చీ రాగానే ఆయన కుర్చీలో కూర్చుని, ఉలిగప్పకు గోడ వార చోటు చూపించాడు. హనుమంతరాయుడు తన మిషను పక్కకు ఒక స్టూలు లాగాడు.

"వాడు కిందనే కూర్చుంటాడులేప్పా."

"చదివేటోడు నా చెవి దగ్గరుండల్ల సావుకారీ. నాకు ఈ మధ్య సరిగ్గా వినపడదు."

ఆ తర్వాత గంటన్నరలో ఒక్క మాట కూడా ఆయన రెండోసారి చెప్పించుకోలేదు. అది ఉలిగప్ప గమనించాడు. మూత పెట్టిన చెంబులో నీళ్ళు కూడా ఆయనే దగ్గరకు జరిపాడు.

రాయించుకుంటున్నది శంకరప్ప కొడుకు రామాంజినేయులు కోసం. అతనూ ఉలిగప్పా ధర్మవరం హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇంగ్లీషు వ్యాసం ఎప్పుడూ ఉలిగప్పది. దాన్ని చూసి రాసుకోవడం రామాంజినేయులుది. ఇంటర్మీడియట్‌ మూడోసారికి గట్టెక్కి, రెండేళ్ళ కిందట అతను అమెరికా నడిమధ్యలో ఏదో చిన్న మిషనరీ కాలేజీలో చేరాడు. ఇప్పుడక్కడ ఉండటం చిన్నతనంగా ఉందట. తూర్పు తీరాన పేరుమోసిన యూనివర్సిటీకి మారాలట. ఆ సంగతంతా ఉలిగప్పకు వచ్చిన నీలం కాగితం ఉత్తరంలో ఉంది. బయటి దేశాలవాళ్ళు నాలుగు వందల మంది అడిగితే స్కాలర్‌షిప్పుతో నలుగురిని తీసుకుంటారు. మార్కులు చూస్తే తన పేరు రాదు. కాలేజీలో సలహాలు చెప్పే దొర ఒక్కటే దారి చూపించాడు: నీ బతుకు గురించి ఆరు పేజీలు రాయి, కష్టంలోంచి పైకొచ్చినవాడంటే వాళ్ళు ఆగి చదువుతారు. "నేనేం కష్టపడినానని రాయాల రా? నువ్వైతే బాగా రాస్తావు. నీది నీకు తెలుసు గదా," అని ముగించాడు రామాంజినేయులు. ఆ వాక్యంలో ఎగతాళి లేదు. అతనికి నిజంగానే అట్లా అనిపించింది.

ఉలిగప్ప మగ్గం ఖాళీగా పడి రెండు నెలలైంది. పట్టు దొరకడం లేదని సావుకార్లు మగ్గానికెక్కించే పడుగులు ఇవ్వడం మానేశారు. చీరకు ఇరవై రెండు రూపాయల కూలి ఉన్నప్పుడే ఇంట్లో రెండు పూటలు కష్టం. ఇప్పుడు అమ్మ రామక్క ఇంటింటికీ పోయి, ఎవరికైనా దారం చుట్టాలేమో అడిగి వస్తోంది. ఆరు పేజీలు రాసిస్తే ముందుగా ఉలిగప్పకే పడుగు ఇస్తానన్నాడు శంకరప్ప. నాలుగు రోజులు కూర్చుని రాశాడు. రాస్తున్నప్పుడు బాధ అనిపించలేదు. చాలా కాలం తర్వాత కలం పట్టుకున్నందుకు వేళ్ళకు కొంచెం సంతోషమే అనిపించింది. ఇప్పుడు చదువుతున్నా ఏమీ అనిపించడం లేదు. ఎవరో, ఎక్కడో బతికినట్టుగా ఉంది.

"మా నాయన మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే ముందుకు వాలిపోయాడు," అని చదివాడు. "ఆయన చేతిలో పేక దారం నడిపే నాడె అట్లాగే ఉంది."

హనుమంతరాయుడి వేళ్ళు ఆగాయి.

"ఏమప్పా, ఏమాయె?" అన్నాడు శంకరప్ప. ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని పేజీకొకసారి అర్థం చెప్పించుకుంటున్నాడు.

"ఈడ ఒక తిరకాసుండాది సావుకారీ. పిల్లోని నాయన సచ్చిపోయినట్లు రాసినాడు. ఫారం కడాన మళ్ళీ నాయన సంతకం పెట్టల్ల. మీరే గదా పెట్టేది?"

శంకరప్ప కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వాడు.

"ఓరి నీ పాసుగాలా, నాకు కొరివి పెట్టిచ్చేసినావు గదరా! ఇంటికి పోయి మా ఆడామెకు చెప్తే బొట్టు తుడుసుకుంటాది."

"మా నాయన గురించి రాసినా సావుకారీ," అన్నాడు ఉలిగప్ప. "రాయమంటిరి గదా."

"రాయమంటి. సంపమంటినా?" ఆయన ఆకువక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆలోచించాడు. "సావు మాత్రం తీయొద్దు. అదుంటేనే పని జరుగుతాది. చిన్నాయన అని పెట్టప్పా. మా వానికి చిన్నాయన. నాకు తమ్ముడు. కలిసుండే సంసారమని పెట్టు, సరిపోతాది."

"మీకు తమ్ముడుండాడా?" అని అడిగాడు హనుమంతరాయుడు.

"ఇప్పుడుండాడు గదా," అన్నాడు శంకరప్ప. "కుళ్ళాయప్ప. మంచి నేతగాడు. అంచులో వాని చెయ్యి పడితే వంక పెట్టేదానికి ఉండదు."

హనుమంతరాయుడు రబ్బరు తీసి, మెల్లగా రుద్దాడు. కాగితం చిరగకుండా ఊదాడు. నాయన ఉన్నచోట నాయన తమ్ముడు వచ్చాడు. ఉలిగప్ప చూస్తూ కూర్చున్నాడు. తన తండ్రి కుళ్ళాయప్పను ఈ మనిషి మెచ్చుకోగా వినడం ఇదే మొదటిసారి. బతికినన్నాళ్ళూ ఆయన ఈ సావుకారి ఇంటి అరుగు కింద నిలబడే చీర అప్పజెప్పాడు. పోగు తెగిందని, మరక పడిందని, ఏదో ఒకటి అనిపించుకునే వచ్చాడు.

"ఊ, చదువబ్బా. రైలుకు పొద్దవుతాది," అన్నాడు శంకరప్ప.

ఉలిగప్ప చదివాడు. అప్పుడు నేను అనంతపురం కాలేజీలో చేరి ఎనిమిది నెలలైంది. తంతి అందుకుని ఇంటికి వచ్చాను. మూడో దినాన, చీర ఎవరిదో ఆ సావుకారి తన మనిషిని పంపించాడు. మాఘమాసం, పెండ్లిచీర, ముహూర్తం ఐదు రోజుల్లో ఉంది. మగ్గం మీద గజంన్నర మిగిలి ఉంది. మైలలో మగ్గం తాకే ఆచారం మాకు లేదు. పది దినాలు గుంతలో కాలు పెట్టరు, నాడె ముట్టరు. అమ్మ ఆ మనిషి కాళ్ళు పట్టుకుంది. చీర ఇవ్వకపోతే మగ్గం ఎత్తుకొని పోతామన్నాడు. మైల తీరని నేను ఆ గుంతలో దిగి, నాయన వాలిపోయినచోట కూర్చుని మిగతాది నేశాను. అమ్మ నా వైపు వీపు పెట్టుకుని కూర్చుంది. కాలేజీకి మళ్ళీ పోలేదు.

ఒక్కొక్క వాక్యమే మిషను మీద పడింది. హనుమంతరాయుడు "ఊ" అనడం మానేశాడు. పేజీ అయిపోయాక, శంకరప్ప అడగకముందే, గోడ మీది క్యాలెండరు చూస్తూ దాని అర్థం చెప్పాడు.

శంకరప్ప నమలడం ఆపి విన్నాడు.

"ఆ సావుకారి పేరు రాసినాడా?"

"లేదు."

"అయితే ఉండనీ," అన్నాడు శంకరప్ప. "మంచిగుండాది. దొరలకు కండ్లల్లో నీళ్ళొస్తాయి. సీటు వచ్చినట్లే."

ఆ చీర తనదేనని ఆయనకు గుర్తుంది. ఆ సంగతి ఉలిగప్పకు ఆయన గొంతులోనే తెలిసింది. మరిచిపోయి ఉంటాడని ఆరేళ్ళుగా అనుకున్నాడు. మరిచిపోయి ఉంటే ఏదో విధంగా ఓర్చుకోవచ్చు. వేల చీరలు చూసే మనిషికి గజంన్నర గుర్తుండదని అమ్మకు కూడా చెప్పాడు.

"చదువు."

ఉలిగప్ప కాగితం కింద పెట్టాడు.

"సావుకారీ, ఒక మాట. మా నాయన మీకు తమ్ముడంటిరి."

"అంటి."

"తమ్ముడైతే మీకూ పది దినాలు మైల. ఆ పది దినాలు మీరు అంగడి తెరిచింటిరా, మూసింటిరా? అదీ రాయల్ల గదా."

శంకరప్ప హనుమంతరాయుడి వైపు చూసి నవ్వాడు, నవ్వుకు తోడు వస్తాడేమోనని. ఆయన రబ్బరు పొడి దులుపుకుంటున్నాడు.

"కాగితం మీద తమ్ముడురా వాడు. కాగితానికి మైలేంది?"

"మా నాయన దివసాలకు మీరు రాలేదు. చీర కోసం మనిషొచ్చె."

"ఇప్పుడా ఎత్తేది ఆ మాట? పడుగు కావల్లనా, వద్దా?"

దారం కోసం ఇంకొకరి గడపలో నిలబడిన అమ్మ ఉలిగప్ప కళ్ళముందు కనిపించింది. పడుగు కావాలి. ఈ గదిలో అందరికంటే అతనికే కావాలి.

"కావల్ల," అన్నాడు. "దీనికి మాత్రం వద్దు. నేను చదవను."

"నువ్వు చదవకపోతే నిలిచిపోతాదా? ఏమప్పా, చూసి కొట్టు నువ్వు."

ఉలిగప్ప మిగిలిన మూడు కాగితాల మీద అరచెయ్యి ఆనించాడు. గట్టిగా కూడా కాదు. హనుమంతరాయుడు ఆ చేతిని చూశాడు. దాన్ని జరపలేదు.

"రాత ఆ పిల్లోనిది సావుకారీ. ఆయప్ప ఇస్తేనే నేను కొట్టేది."

"మిగిలింది నువ్వే కల్పించి కొట్టు. ఇంకో మూడు రూపాయలిస్తా. నువ్వూ చదువుకున్నోనివే గదా."

హనుమంతరాయుడు కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఉలిగప్ప కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. టైపైన పేజీల వైపు చేయి చాపితే శంకరప్ప వాటి మీద తన గొడుగు అడ్డంగా పెట్టాడు. "ఇవి నా దుడ్లతో కొట్టించినవి. పడుగు ఈ పొద్దే ఇంకోనికి పోతాది, చూస్తాండు. తిరిగి పోయేదానికి టిక్కెట్టు కూడా నా దగ్గరే ఉండాది, మరిచిపోతివేమో."

"మరిచిపోలేదు సావుకారీ."

మెట్ల మీద మధ్యాహ్నం క్లాసు పిల్లలు ఎదురొచ్చారు. ఐదారుగురు. దారివ్వడానికి గోడకు ఒదిగాడు. వీధిలోకి దిగి, ఎండలో నిలబడ్డాడు. జేబులో ఒక పావలా ఉంది. ఏడు పావలాలుంటే తప్ప రైలెక్కలేడు. ఏ వైపు నడవాలో తోచలేదు.

పైన ఒక మిషను మొదలైంది. దాని వెనకే మరొకటి, ఆ పైన అన్నీ. అతను తలెత్తి కిటికీ వైపు చూస్తూ చాలాసేపు విన్నాడు. వాటిల్లో హనుమంతరాయుడి మిషను ఉందో లేదో ఎంత విన్నా తెలియలేదు.