ఏ రంగంటారమ్మా దీన్ని?

అరవై ఎనిమిదో ఏట కనకయ్య చేతిలో ఉన్నవి ఇవి: జగ్గయ్యపేట బజారులో ముప్పై ఏళ్ళ మ్యాచింగ్ సెంటర్, గోడ నిండా జాకెట్టు గుడ్డల తాన్లు, నోటికి వచ్చిన ఓ యాభై ఇంగ్లీషు రంగులు, సగం కూడా పనిచెయ్యని రెండు కళ్ళు. చివరిది తప్ప మిగతావన్నీ ఊరందరికీ తెలుసు. చివరిది కూడా తెలిస్తే మొదటిది ఉండదు. రంగు కనపడనివాడి దగ్గరికి రంగు కలపమని ఎవరొస్తారు?

రెండేళ్ళుగా శుక్లాలు ముదురుతున్నాయి. తెలుపు పసుపు తిరిగింది. నీలం నలుపైంది, వంకాయరంగూ నలుపే అయింది. ఆపరేషనంటే భయం. వాళ్ళ నాన్న ఎప్పుడో కంటి క్యాంపులో చేయించుకుని ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నాడు. అందుకని కనకయ్య కంటి పనిని నోటికి అప్పజెప్పాడు.

"ఏ రంగంటారమ్మా దీన్ని?" అని ముందు వచ్చినవాళ్ళనే అడిగేవాడు. ఆడవాళ్ళకు అదో మర్యాదలా ఉండేది. వాళ్ళు సగం చెబితే చాలు, మిగతా సగం తనకు వచ్చు. బాటిల్ అంటే గ్రీనే. నేవీ అంటే బ్లూనే. లెమన్ ఎల్లోకి పోతుంది, రాణి పింకుకి పోతుంది. బాటిల్ పింకు కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బేబీకి రెండిళ్ళు, పింకూ బ్లూనూ. ఇక లైటూ డార్కూ ఎవరి పక్కనైనా కూర్చుంటాయి కాబట్టి వాటిని నమ్మేవాడు కాదు. "డార్క్ గ్రీనంటే ఎంత డార్కమ్మా, బాటిలా, మెహందీయా?" అని సరైన జత దొరికేదాకా లాగేవాడు. జత దొరికితే చెయ్యి నేరుగా ఆ అర మీదికి పోయేది. ఆరునెలల కిందట కోడలు నీరజ ప్రతి అరకూ బెత్తెడు అక్షరాలతో పేర్లు అంటించింది. కస్టమర్లకు వీలుగా ఉంటుందంది.

ఒక మంగళవారం పెనుగంచిప్రోలు నుంచి రత్తమ్మ వచ్చింది. నాలుగెకరాల మిరప చేయించే మనిషి, కొట్టుకు పాత బేరం. చీర తీసి బల్ల మీద పరిచింది.

"ఆదివారం నందిగామలో మనవరాలి ఓణీల ఫంక్షనయ్యా. దీనికి జాకెట్టు ముక్క చూడు."

"ఏ రంగంటారండీ దీన్ని?"

"ఏ రంగంటానా! చీర నీ ముందరుంటే నన్నడుగుతావేంది?"

"అది కాదండీ, నేవీ అంటారా, వైన్ అంటారా అని..."

"వైనో బ్రాందీయో నాకేం తెలుసయ్యా. నువ్వుండేది ఎందుకు మరి?"

కొట్లో ఉన్న ఇంకో ఇద్దరు నవ్వారు. కనకయ్య చీరను పద్ధతి ప్రకారం గుమ్మం దగ్గరికి, ఎండ వెలుగులోకి పట్టుకెళ్ళాడు. ట్యూబులైటు కింద రంగు తేల్చడం మ్యాచింగ్ కొట్టుకు మర్యాద కాదు. ఎండలోనూ అది నల్లగానే ఉంది. నేవీ అరలోంచి ఒక తాను తెచ్చి చీర పక్కన పెట్టాడు. రెండూ కలిసిపోయాయి.

"నేవీ బ్లూ. ఇంతకన్నా దగ్గర దొరకదండీ," అంటూ కత్తెర అందుకున్నాడు.

రత్తమ్మ కత్తెర మీద చెయ్యి వేసింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె కొట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇది వంకాయరంగయ్యా."

కనకయ్య కత్తెర వదిలేశాడు.

"నిరుడు నేనూ ఇట్టాగే. కల్లంలో కాయ ఎట్టా ఉందని కూలోళ్ళనడిగి, వాళ్ళన్నదే బేరగాడికి చెప్పేదాన్ని. ఎర్రగా నిగనిగలాడతందంటే నిగనిగే. రంగుపోయిన తాలుకాయ కలిపేసి దాన్ని కూడా నాచేతే మెచ్చుకునేట్టు చేశారు. నందిగామలో చేయించుకున్నా, రెండు కళ్ళూ. పోయి చూపించుకో. ఈలోగా నీ కోడల్ని పిలువు, ముక్క కోసిద్ది."

"ఎవరితోనన్నా అంటే..."

"నా కాయ సంగతి ఇప్పుడు నీకు చెప్పాగా. ఒకళ్ళది ఒకళ్ళ దగ్గరుంది. చాలదా?"

నీరజ వచ్చి ఏమీ అడగకుండా వంకాయరంగు ముక్క కోసిచ్చింది. రత్తమ్మ వెళ్ళాక గుడ్డ తానును తిరిగి చుడుతూ నీరజ అంది: "ఆ అక్షరాలు కస్టమర్ల కోసమనే అనుకున్నారా మావయ్యగారూ?"

కనకయ్య స్టూలు మీద కూలబడ్డాడు. రెండేళ్ళు మోసిన బరువు ఒక్కసారిగా దించితే తేలికవ్వాలి. ఒళ్ళంతా నొప్పులు తెలిశాయంతే.

పై వారం నందిగామ బస్సెక్కాడు. ఒక కన్ను ఆ వారం, రెండోది నెల తర్వాత. ఒక్కో ఆపరేషనుకు అరగంట కూడా పట్టలేదు. రెండేళ్ళ భయానికి అది మరీ తక్కువనిపించింది.

మళ్ళీ కొట్లోకి వచ్చిన రోజు నేవీ అర ముందు నిలబడిపోయాడు. ఒక్క పేరు కింద తొమ్మిది తాన్లు, తొమ్మిది నీలాలు. ఒకటి సిరా, ఒకటి పోలీసు వ్యాను, ఒకటి నేరేడు తొక్క దాకా పోయింది. ఒకప్పుడు ఇవన్నీ విడివిడిగా తెలిసినవే. పేరుతోనే పని జరుగుతుంటే తేడా మరిచిపోయాడు.

వీరులపాడు పిల్ల ఒకతె వచ్చింది. "తాతగారూ, బాటిల్ గ్రీన్ లైనింగ్ రెండు మీటర్లు."

"చీర తెచ్చావామ్మా?"

"చీరెందుకండీ? బాటిల్ గ్రీనే."

"బాటిళ్ళు చాలా రకాలున్నాయమ్మా. చీర తీసుకురా."

ఆ పిల్ల విసుక్కుంటూ పక్క కొట్టుకు పోయింది.

నెల తిరిగాక ఒకరోజు కొట్టు కట్టేముందు కనకయ్య లెక్క చూసుకున్నాడు. తిరిగొచ్చినవి నీలం, వంకాయరంగు, మల్లెపువ్వు తెలుపు. పోయింది, పేరు చెప్పగానే తెగే బేరం. దానికి బదులు గుమ్మానికీ బల్లకీ మధ్య రోజుకో వంద నడకలు, మోకాళ్ళ నొప్పి వచ్చాయి. అన్నీ పోగా మిగిలింది, పెనుగంచిప్రోలులో తన గుట్టు బయటపెట్టని మనిషి ఒకరు.