మెట్ల మీద బాలలక్ష్మి నీడ

పొద్దున చాయ తాగి, కోరుట్ల నుంచి తెచ్చిన జాకిట్ గుడ్డలు, మహిళా సంఘం ఇచ్చే బడి యూనిఫాంలు కత్తిరించి, పదింటికల్లా చేతితోని తిప్పే మిషిను ముందట కూసునేది బాలలక్ష్మి. చిన్నప్పుడే పోలియోతోని రెండు కాళ్లు పడిపోయినయి. ఇంట్ల పీట మీద జరుగుతది. బయటికి మూడు చక్రాల బండి.

కథలాపూర్ దగ్గరి ఆ ఊళ్ల మహిళా సంఘం భవనానికి తొమ్మిది మెట్లు. మీటింగులైనా, పెండ్లిళ్లైనా మెట్లెక్కినంకనే. బాలలక్ష్మి ఎక్కలేదు గన్క ఆమె నీడ పోయేది. గడప దాటి, గల్లీ పొంటి నడిచి, మెట్లెక్కి ఆడోళ్ల నడుమ కూసునేది. "బాలలక్ష్మి నీడ అచ్చింది, జరుగున్రి" అని చాప మీద జాగ ఇచ్చేటోళ్లు. పొద్దూకంగ తిరిగొచ్చి ఆమె కాళ్ల కాడ పండుకునేది. పదకొండేండ్లు గట్లనే గడిచినయి.

మొన్న ఎండకాలంల సంఘం లీడర్ సుమలత, బడిపిల్లల యూనిఫాంలు ఇంక ఇండ్లల్ల కుట్టుడు బంద్, భవనంలనే కుట్టాలని తీర్మానం రాయించింది. మర్నాడు ఆ సంగతి చెప్పిపోదామని బాలలక్ష్మి ఇంటికి అచ్చింది.

"మరి నేనెట్ల కుట్టాలె వదినె?"

"నిన్న నీ నీడ కూసున్నది గదా. అది కాదనలేదు."

"నీడకు నోరుంటదా?"

సుమలత చెప్పులేసుకొని ఎల్లిపోయింది. పదకొండేండ్ల సంది ఆ మీటింగులల్ల తన మాట ఒక్కటి కూడ పడలేదని బాలలక్ష్మికి అప్పుడు సోయికొచ్చింది.

మళ్ల మీటింగు నాడు తనే బండెక్కింది. నీడ ఆమె కంటె ముందుగాల పోయి, మొదటి మెట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాక అడ్డంగ పండుకున్నది. మీటింగుకు అచ్చిన సత్యవ్వ లేపిన కాలు వెనుకకు తీసుకున్నది.

"పండుకున్న మనిషిని ఎట్ల దాటుత?"

ఒక్కలు దాటలేదు. ఎండ నడినెత్తికి అచ్చింది. అందరి నీడలు కాళ్ల కిందికి జొచ్చినయి గని, ఆ నీడ జానెడు కూడ కురచ కాలేదు.

"లేపరాదే దాన్ని!" అని సుమలత కసిరింది.

"నా మాట ఇంటలేదు వదినె." బాలలక్ష్మి బండిని మెట్టు కాడికి జరుపుకున్నది. "నేను పైకి రాలేను. మీరే ఈడ కూసోన్రి. నాకు చెప్పేదున్నది."

చాపలు పైన్నే ఉన్నయి. నెత్తిన కొంగులేసుకొని మట్టిలనే కూసున్నరు.

"రోడ్డు పొంటి పాత రేషన్ గది ఖాళీగ ఉన్నది. దానికి ఒక్క మెట్టు లేదు. మిషిన్లు అండ్ల పెడితే ఇయ్యాల నేను పోత, రేపు మోకాళ్లు నొచ్చినంక మీరు పోతరు."

ఇద్దరు సణుక్కుంట లేచిపోయిన్రు. మిగిలినోళ్లు సరే అన్నరు. సుమలత తలెత్తకుంట తీర్మానం రాసింది. అప్పుడు లేచింది నీడ.

వానకాలం నుంచి బాలలక్ష్మి ఆ గదిలనే యూనిఫాంలు కత్తిరిస్తున్నది. భవనం మెట్లు మాత్రం గట్లనే ఉన్నయి. చలికాలంల సత్యవ్వ తన బిడ్డ పెండ్లికి బొట్టు పెట్ట అచ్చింది.

"నీడ గాదు, నువ్వే రావాలె."

"పెండ్లి ఏడ?"

"భవనంల. పైన." సత్యవ్వ మొఖం చిన్నగైంది. దర్వాజ కాడున్న బండి దిక్కు చూసింది. "అది ఎక్కాల్నంటే మెట్ల పక్కపొంటి ఏటవాలు తొవ్వ ఎంత ఎడల్పు కట్టాలె?"

బాలలక్ష్మి మెడల టేపు తీసి, ఒక కొస ఆమె చేతిల పెట్టింది.