పంపు దగ్గర పెద్దరికం

రంగుతొట్టిలోంచి బట్టలు తీశాక గానీ పంపు తిరగడం లేదని అబేకేకి తెలియలేదు. నీలిమందులో కలిపిన కాస్టిక్ సోడా ఊరుకోదు. వెంటనే జాడించకపోతే నేతను తినేస్తుంది. ఆ పంపు తప్ప ఇంట్లో వేరే నీళ్ళు లేవు. పైగా అవి పెళ్ళివారి బట్టలు.

కరెంటు పనులు చేసే తాజుదీన్ వచ్చి పంపు పెట్టె విప్పాడు. "కెపాసిటర్ పోయిందక్కా. నలభై మైక్రోఫారడ్లది కావాలి. ఆదివారం మన అబెయోకుటాలో కొట్లు తెరవరు."

ఇంట్లో అత్తలిద్దరు. మామగారు పోయి ఏళ్ళయింది. ఆయన భార్యల్లో ఎవరు పెద్దో తేలిపోయిన సంగతే అయినా, వాళ్ళు రోజూ మళ్ళీ తేల్చుకుంటూనే ఉంటారు. పెద్దత్త ఇయా రామోని పాడైన ఏసీలోంచి ఇరవైది ఒకటి తీయించింది. అది చూసి చిన్నత్త ఇయా సికిరు తన మిరపకాయల మరలోంచి ఇంకో ఇరవైది తెచ్చింది.

"పక్కపక్కన కలిపితే నలభై. సరిపోతుంది," అన్నాడు తాజుదీన్.

పెద్దత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆయన మంచానికే వంతులుండేవిరా! దానిది నా దానికి సమానంగా కూర్చుంటుందా? నాది ముందు, దానిది వెనక. వరసలో పెట్టు."

"వరసలో పెడితే పదే అవుతుందమ్మా."

"ఒకదానికి ఇంకోటి తోడైతే తగ్గుతుందిట్రా? నోరు చూడు!"

తాజుదీన్ నేల మీద సాగిలపడి క్షమించమన్నాడు. లేచి ఆవిడ చెప్పినట్టే బిగించాడు. పంపు మూలిగింది, తిరగలేదు.

"వెనకున్నది ఈడుస్తోంది," అంది పెద్దత్త.

"ముందున్నది దారివ్వడం లేదు. నాది ముందు పెట్టరా," అంది చిన్నత్త.

పెట్టాడు. అదే పది, అదే మూలుగు. నీళ్ళే వచ్చినంతగా వెలిగిపోయింది పెద్దత్త ముఖం.

అబేకే మోకాళ్ళ మీద కూర్చుంది. "పెద్దత్తయ్యా, మీది పైన పెట్టి కట్టిస్తాను. చిన్నత్తయ్యది కింద."

"పైనంటే పైనేనా?"

"మీ తలపాగా అంత పైన."

"అయితే మోసేది నాదన్నమాట," గొణిగింది చిన్నత్త.

"బరువంతా మీదే అత్తయ్యా."

తాజుదీన్ రెండింటినీ ఒకదానిమీదొకటి పెట్టి టేపు చుట్టాడు. తీగలు మాత్రం పక్కపక్కన ఉన్నప్పుడు కలిపినట్టే కలిపాడు. పంపు ఒక్క ఊపున లేచింది.

అబేకే పరుగెత్తి మొదటి బట్ట నీళ్ళలో ముంచింది. వేళ్ళు నేతను చీల్చుకుని అవతలికి వచ్చాయి. రెండోదీ అంతే. మూడోది చేతిలోనే పీలికలైంది.

అత్తలిద్దరూ వచ్చి చూశారు.

"అంతసేపు వదిలేస్తారుటే?" అంది పెద్దత్త.

"నేనూ అదే అనబోతున్నా అక్కా," అంది చిన్నత్త. "దీనికి పని మీద ధ్యాస తక్కువ."

వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అబేకే కాపురానికొచ్చాక అదే మొదలు.

"పెళ్ళివారికి ఏం చెప్పుకుంటావో మరి," అంది పెద్దత్త జాలిగా.