విడిగా చెప్పిన మాట

కౌన్సెలర్ పద్ధతి ఒకటే. మొదట దంపతులిద్దరినీ కలిపి కూర్చోబెడుతుంది. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతుంది. మళ్లీ కలుపుతుంది. విడిగా చెప్పింది వాళ్లే బయటపెట్టేదాకా తన నోట రాదని ముందే మాటిస్తుంది. పదకొండేళ్లుగా ఆ మాట తప్పలేదు.

ఆ రోజు వచ్చిన దంపతులకు అది నాలుగోసారి. ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తాడు. ఇంట్లో అందరూ ఒకటై తనను పక్కన పెడతారన్నది ఆయన ఫిర్యాదు. ఆమెది ఆసుపత్రి ల్యాబ్‌లో పని. పోయిన వారం ఒంటరిగా వచ్చి, వేరే ఊరికి బదిలీ అడిగానని, ఆయనకు తానే చెప్తానని అంది.

"మా ఇంట్లో ఏ సంగతైనా నాకు ఆఖర్న తెలుస్తుంది మేడమ్. కర్టెన్లు మారాయని పక్కింటాయన చెప్తే చూశాను" అన్నాడాయన.

"కళ్లజోళ్లాయనకి కర్టెన్లు కనపడకపోతే నా తప్పా?" అందామె.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో కౌన్సెలర్ ఏమరింది.

"బదిలీ మీద వెళ్లాక ఈ ఎత్తిపొడుపులన్నీ ఫోన్లోనే మరి!" అనేసింది.

భార్య తన బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుంది.

"బదిలీ ఏంటి?" అన్నాడాయన.

"అది... నిన్న వచ్చిన జంట సంగతి. కలగలిసిపోయింది" అంది కౌన్సెలర్.

ఆయన నమ్మాడు. "పర్లేదు మేడమ్. రోజంతా ఎంతమంది గోడు వింటారో" అంటూ మంచినీళ్ల గ్లాసు కౌన్సెలర్ వైపు జరిపాడు.

ఆమె తలెత్తి కౌన్సెలర్ని చూసింది. తోడుదొంగను చూసినట్టు చూసింది. కౌన్సెలర్ చెవులు వేడెక్కాయి. గ్లాసు ముట్టుకోలేకపోయింది.

"అబద్ధం చెప్పాను" అంది. "నిన్న ఏ జంటా రాలేదు. ఆవిడ నాతో విడిగా చెప్పిన సంగతి నోరు జారి బయటపెట్టాను. పైగా కప్పిపుచ్చాను. తప్పు నాదే, ఆవిడది కాదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నాకు చెప్తే ఏమయ్యేది?"

"ఏదో జోకు వేసేవారు. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని."

ఆయన కౌన్సెలర్ని చూడకుండానే, "మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అన్నాడు.

కౌన్సెలర్ తన గదిలోంచి తనే బయటికొచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో మొదటిసారి వచ్చిన ఒకావిడ ఫారం నింపుతోంది.

"ఏవండీ, లోపల చెప్పింది బయటికి పోదంటగా?" అని అడిగింది.

"ఇవాళ పోయిందమ్మా" అంది కౌన్సెలర్. "బయటపెట్టింది నేనే."